కిటికీ వల

సాక్సుల మిల్లు మూతపడ్డ ఏడాది
వెర్లీన్ సెక్‌లర్ తన కుర్చీ మీది దిండు ఒక్కటే చంకనెట్టుకుని
రోడ్డు దాటి ఈ షెడ్డులోకొచ్చింది.
అక్కడ మడమలు కుట్టేది. ఇక్కడ వలలు.

రేసు కారుకి తలుపు తెరుచుకోదు,
డ్రైవరు పక్క కిటికీకి గాజుండదు.
ఉండేది ఈ వల ఒక్కటే.
చేపల వల లాంటిదే,
కాకపోతే ఇది ఆపాల్సింది చేతిని.
కారు పల్టీ కొట్టేటప్పుడు
మనిషి చెయ్యి మనిషి మాట వినదు,
బయటికి పోతుంది
గాలినైనా పట్టుకుందామని.

నేను పక్క బల్ల మీద పట్టీలు కోస్తాను.
అంగుళం వెడల్పు, నల్లవి.
కత్తి కాల్చి కోస్తే కొసలు పీచు లేవవు.
ఆమె అడ్డం మీద నిలువు వేసి
కూడలి కూడలికీ ఒక పెట్టె, పెట్టెలో ఇంటూ గుర్తు
కుట్టుకుంటూ పోతుంది. దారం ఎర్రది.
తప్పు పడితే కనబడాలి, అంటుంది.
నలుపు మీద నల్లదారం వేసేవాళ్ళని నమ్మొద్దు, అంటుంది.

మార్చిలో బ్రాంట్ లింగిల్ వచ్చాడు.
ఇరవై మూడేళ్ళు, అరవై ఒకటో నంబరు కారు.
"ఒక్క నిలువు పట్టీ తీసెయ్యండి,
సైడు మిర్రరు కనబడ్డం లేదు."
వెర్లీన్ పాదం మిషను మీంచి తియ్యలేదు.
"సందు పెద్దదైతే చూపొక్కటే దూరదు నాయనా" అంది.
అతను నవ్వాడు. సూపర్‌వైజరు నవ్వాడు.
నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను.

హోయ్ట్ సంగతి అప్పటికి నాకు తెలీదు.
ఆమె అన్న. మట్టి ట్రాకుల రోజుల్లో
తండ్రి పాత సెడాను తలుపుల్ని గొలుసులతో కట్టేసి
శనివారం రాత్రుళ్ళు తోలేవాడట.
ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు బంకులో
కుడిచేత్తోనే పెట్రోలు కొట్టి,
కుడిచేత్తోనే చిల్లర లెక్కపెట్టి ఇచ్చేవాడట.
ఆమె చెప్పింది ఇంతే.
మధ్యలో ఏమైందో మధ్యలోనే ఉంచేసింది.

ఆగస్టు ఆదివారం. కంపెనీ ఇచ్చిన టిక్కెట్లు,
నాలుగో మలుపు దగ్గర.
వెనక బంపరు మీద చిన్న తాకిడి,
బడికి పోతూ అన్న తమ్ముణ్ణి తోసినంత.
అరవై ఒకటి అడ్డం తిరిగింది.
పైకప్పు రెక్కలు లేచాయి గానీ కారు కూడా లేచింది.
ఎన్ని పల్టీలో నేను లెక్కపెట్టలేదు.
ఆఖరికి ఏమీ ఎరగనట్టు
నాలుగు చక్రాల మీదే ఆగింది.

ఇక్కడొక ఆచారముంది.
తెలివిలో ఉంటే డ్రైవరు
లోపల్నించి కొక్కెం లాగి వల దించుతాడు.
అది దిగేదాకా ఎవరూ కూర్చోరు.
మంచినీళ్ళ సీసాలమ్మే కుర్రాడు కూడా
ఒక కాలు పైమెట్టు మీద, ఒక కాలు కిందిమెట్టు మీద
అలాగే నిలబడిపోయాడు.

వల దిగలేదు.

వెర్లీన్ బైనాక్యులర్స్ దించలేదు.
ముఖం కోసం వెతకడం లేదామె.
"రెండో వరస, మూడో కూడలి. ఉంది.
దాని పక్కది ఉంది. కిందది..."
తన కుట్లు తానే చదువుకుంటోంది
పిల్లాడి పరీక్ష పేపరు దిద్దినట్టు.

అప్పుడు పైన ఒక మూల వదులైంది.
కాసేపు అంతే.
తర్వాత మొత్తం జారింది.
అంతమంది ఒక్కసారి అరిస్తే
అది అరుపులా ఉండదు, రేకుల మీద వానలా ఉంటుంది.

గురువారం ఆ వల మాకు తిరిగొచ్చింది.
మోచెయ్యి ఎత్తున, ఒక కూడలిలో,
ఎర్రదారం సగం తెగి సగం నిలిచుంది.
అతను తీసెయ్యమన్న పట్టీ అదేనా అని అడిగాను.
జవాబివ్వలేదు. పెద్ద కత్తెర తీసి
వలని నాలుగు ముక్కలు చేసింది.
ఒకసారి పనికొచ్చింది మళ్ళీ పనికి రాదు.
రూలు అది.

బ్రాంట్ వచ్చాడు, మెడకి పట్టీతో, పూలతో.
పూలు నేను తీసుకున్నాను.
ఆమె "చెయ్యి చూపించు" అంది.
కుడిది చాచాడు.
"అది కాదు."
జాతకం చెప్పేవాళ్ళు చూసినట్టు చూళ్ళేదు.
చిటికెన వేలి నుంచి బొటనవేలి దాకా
ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు,
పైకే లెక్కపెట్టి వదిలేసి
మిషను కింద కొత్త పట్టీ పెట్టింది.